నట్టు ఆనే చోటు

జీపు ఎడమవైపు ముందు చక్రం ఊడి, జీపును వెనక వదిలేసి తన దారిన తాను వెళ్ళిపోయింది. పూండి నుంచి కాశీబుగ్గ వచ్చే రోడ్డు అది. పొద్దున్న, జీడిపప్పు ఫ్యాక్టరీలకు ఆడవాళ్ళు నడిచి వెళ్ళే వేళ. జీపు తారు మీద గీసుకుంటూ కొంత దూరం పోయి రోడ్డు వార ఆగింది. లోపల ఉన్నవాళ్ళకు చెప్పుకోదగ్గ దెబ్బలేమీ తగల్లేదు. చక్రం మాత్రం ఆగలేదు. ఎవరో పక్కనుండి నడిపిస్తున్నట్టు ఊగకుండా తిన్నగా దొర్లిందని చూసినవాళ్ళు చెప్పారు. ముందు రోజే రంగు వేసిన చక్రం కాబట్టి ఎండకు మెరుస్తోందట. ముందు నడుస్తున్న ఒకామెను వెనకనుంచి నడుం మీద కొట్టి, ఆమెను దాటి, జీడితోట కంచెకు ఆనుకుని పడుకుంది.

ఆమె అక్కడే పోయింది. చేతిలోని క్యారియరు మూత కూడా ఊడలేదు.

ఆమె పేరు మర్నాడు పేపర్లో వచ్చింది. ఆ చక్రానికి రంగు వేసిన మనిషి పేరు ఏ పేపర్లోనూ రాలేదు. నేను రాస్తున్నది ఆయన గురించి. పేరు ఇప్పుడు కూడా రాయడం లేదు. ఆయన భార్య వద్దంది.

మొన్న టెక్కలిలో ఒక ఇంటి ముందు ఒకాయన కారు చక్రాన్ని స్టూలు మీద పెట్టి, చేతిలో పట్టే డబ్బాతో తుస్సుమని రంగు కొడుతున్నాడు. అంచులకీ, మధ్యకీ, నట్లు బిగించే బొక్కలకీ అంతటా ఒకే తీరున కొట్టేస్తున్నాడు. నా నాలుక చివరికి ఒక తిట్టు వచ్చింది. అది నాది కాదు, పేరు రాయనన్న ఆ మనిషిది. చక్రం చూస్తే తిట్టు గుర్తుకొచ్చే మనిషిని గురించి ఎప్పుడో ఒకప్పుడు రాయాలనుకుంటూనే ఇన్నాళ్ళు గడిచాయి.

ఉద్దానం గాలికి ఇనుము ఎక్కువ కాలం బతకదు. కొబ్బరి తోటల మీదుగా వచ్చే సముద్రపు గాలి తలుపు గొళ్ళాలనీ, సైకిలు ఊచలనీ, బస్సు రేకుల్నీ తినేస్తుంది. బళ్ళ చక్రాలయితే మరీను. తొంభైల చివర్లో నేను పలాసకు విలేకరిగా వెళ్ళేసరికి అక్కడ తుప్పు పట్టని చక్రం కొత్త చక్రమే. కొత్తవి కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకని పూండి స్టేషనుకు అవతల, రోడ్డు పక్క పెంకుటింట్లో, ఈయన చేతికి చక్రాలు వచ్చేవి. ఆటోలవి, టెంపోలవి, జీపులవి, నా స్కూటరువి.

షెడ్డు లేదు, బోర్డు లేదు. ఇంటి పెరడే పని చోటు. బోర్లించిన సిమెంటు కుండీ మీద చక్రం, పక్కన పీట మీద ఆయన. గళ్ళ లుంగీ, చొక్కా లేని ఒళ్ళు, చెవి మీద బీడీ. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావంటే ఒక్కోసారి ఒక్కో ఊరు చెప్పేవాడు. ఖరగ్‌పూర్ అన్నాడు, విశాఖ అన్నాడు, ఒకసారి రంగూన్ అని కూడా అన్నాడు. రంగూన్ వెళ్ళింది ఆయన తాత.

తుప్పు చూసి బండి ఏ ఊరిదో చెబుతానని ఆయన గొప్ప. టెక్కలి తుప్పు పొడిగా ఎర్రగా ఉంటుందట, మూలపేట తుప్పు అప్పడంలా పొరలు లేస్తుందట. ఒకసారి ఒక టెంపో చక్రం మీద వేలితో రుద్ది, "మూలపేట బండి" అన్నాడు. టెంపో యజమాని నవ్వాడు. "పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి ఇది టెక్కలి దాటలేదు మావా."

"అయితే నువ్వు లేనప్పుడు దాటుంతాది. నీ బండి సంగతి నీకు తెల్దు, ఇంకింటి సంగతేటి తెలుత్తాది?"

ఓడిపోవడం ఆయనకు చేతకాదు. అది సరదాగా ఉన్నన్నాళ్ళు అందరం సరదాగానే తీసుకున్నాం.

పని మాత్రం చూడబుద్ధయ్యేది. ముందు ఇనుప తీగల బ్రష్షుతో తుప్పు దులిపి, గరుకు కాగితంతో రుద్ది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి ఆరబెట్టేవాడు. టైరు మీద రంగు పడకుండా పాత పేపర్లు చుట్టేవాడు. ఆ తర్వాత ఎర్ర మందు అని ఆయన పిలిచే రెడ్ ఆక్సైడ్, అది ఆరాక పైరంగు. బ్రష్షు వాడేవాడు కాదు. దోమల మందు కొట్టే పాత చేతిపంపుతో కొట్టేవాడు. పంపు ముక్కు ఎంత దూరంలో ఉంచాలో ఆయన ముక్కు చెప్పేదట. రంగు వాసన గొంతులోకి దిగితే దగ్గర, కళ్ళలోకి దిగితే దూరం అనేవాడు. అందులో నిజమెంతో నేనెరగను.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను పేపరు మనిషినని తెలుసుకుని కిందామీదా చూశాడు.

"ఏ పేపరు బాబూ?"

చెప్పాను.

"మంచిది కాదు. తడి తగిల్తే ఇంకొదిలేత్తాది. ఆ రెండో పేపరు గట్టిది."

"వార్తల సంగతో?"

"వార్తలు నాకెందుకు బాబూ. సుడితే సినక్కుండా ఉంతాదా లేదా, అదే నాకు."

నాయకుల ఫొటోలున్న పేజీ దొరికితే, ఫొటో బయటికి కనబడేలా టైరుకు చుట్టేవాడు. "ఈలకైతే ఏ రంగేసినా పట్టేత్తాది" అని తనే నవ్వుకునేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. చక్రానికి నట్లు బిగించే బొక్కలు ఉంటాయి కదా, ఆ బొక్కల చుట్టూ నట్టు వచ్చి ఆనే చోటుకీ, చక్రం వెనక డ్రమ్ముకు ఆనే చోటుకీ రంగు పడనిచ్చేవాడు కాదు. పంపు పట్టుకునే ముందు డబ్బాలోంచి బొటనవేలితో గ్రీజు తీసి, ఒక్కో బొక్క చుట్టూ తిప్పి రాసేవాడు. అంతా అయ్యాక గుడ్డ పెట్టి తుడిచేస్తే గ్రీజుతో పాటు దాని మీద పడిన రంగూ వచ్చేసేది. అక్కడ ఒట్టి ఇనుము కనిపించేది. చక్రమంతా పెళ్ళికొడుకులా మెరుస్తూ, బొక్కల చుట్టూ మాత్రం మాసిన రింగులు.

చూసినవాళ్ళకు అది నచ్చేది కాదు. "ఇక్కడ రంగు పడలేదేటి మావా? డబ్బా కాళీ అయిపోనాదా?" అని అడగని ఆటోవాడు లేడు.

"నీ బుర్ర కాళీ అయిపోనాది. నట్టు ఇనుముని పట్టుకోవాలా, రంగుని పట్టుకోవాలా? రంగు మీద బిగిత్తే రేపు రంగు నలిగి రాల్తాది. రాల్తే సందొత్తాది. సందొత్తే నట్టు వదులైపోద్ది. అప్పుడు నువ్వు గోతిలో, నీ పెళ్ళాం ఏడుసుకుంటా నా గుమ్మంలో."

ఈ మాటలు రోడ్డు మీద పోయేవాళ్ళకు వినబడేలా అరిచేవాడు. కాశీబుగ్గ మెకానిక్కులకూ, పూండి రిక్షావాళ్ళకూ, కిళ్ళీకొట్టు వాడికీ కూడా ఆ మాటలు నోటికి వచ్చేశాయి. ఆయన్ని వెక్కిరించాలంటే బొటనవేలు గాలిలో తిప్పి, "నువ్వు గోతిలో" అంటే చాలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆటోవాడి మీద అరిచినంతగా ఆయన పెద్దవాళ్ళ మీద అరిచేవాడు కాదు. తెల్ల ప్యాంటు వాళ్ళు వస్తే లుంగీ మడత కిందికి దింపి, చెవి మీది బీడీ తీసేసేవాడు. వాళ్ళు చక్రం నిండా రంగుండాలంటే ఏం చేసేవాడో నేను చూడలేదు.

అలాంటి వాళ్ళలో ఒకాయన జీపు ఆసామి. టెక్కలి వైపు భూములూ, తోటలూ ఉన్న ఇంటి మనిషి. రాజకీయాల్లో తిరిగేవాడు, తిరగడమంటే ఒక చోట ఉండకపోవడం కూడా. పార్టీ మారినప్పుడల్లా జీపు చక్రాల రంగు మార్పించేవాడు. చక్రాలు పూండి వచ్చి కొత్త రంగు కట్టుకుని వెళ్ళేవి. పాత రంగు గీకి తీసే వ్యవధి ఎప్పుడూ ఉండేది కాదు. దాని మీదే మళ్ళీ ఎర్ర మందు, ఆపైన కొత్త రంగు. "ఆ బాబు మనసు మారితే నాకు కూడు" అని ఈయన జోకులు వేసేవాడు, ఆసామి ఎదుట లేనప్పుడు.

రంగులేసే ఈయన క్రైస్తవుడు, మిషను వాళ్ళ బాప్టిస్టు సంఘంలో సభ్యుడు. ఆదివారం కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, తెల్ల చొక్కా వేసుకుని గుడికి పోయేవాడు. ఎంత రుద్దినా టిన్నరు వాసన పోయేది కాదు, ఆయన పక్కన చాపమీద చోటెప్పుడూ ఖాళీగా ఉండేదని చెప్పుకునేవారు. పాటలు మహా గట్టిగా పాడేవాడు, రాగంతో పని లేకుండా. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే ఒకామె ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆయన్ని ఆపేది.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను, పెదాలాడించు. సాలు. గొంతు దేవుడికి నాను ఇత్తాను."

"నీ గొంతు ఒక్కటే ఇంటే దేవుడికి ఇసుగెత్తిపోద్ది సెల్లీ."

ఆమె భర్త తాపీ మేస్త్రీ. వీళ్ళిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. ఆమె, ఈయన భార్య ఒకే జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచేవాళ్ళు. పొద్దున్నే కలిసి నడిచివెళ్ళేవారు. జీపు చక్రం కొట్టింది ఆ పాటలామెనే. ఆ పూట ఈయన భార్య పనికి పోలేదు. ముందు రోజు పెరట్లో జీపు ఉండడం వల్ల ఇల్లంతా చెల్లాచెదరుగా ఉందని ఆగిపోయింది.

ఆ ముందు రోజు సంగతి ఇది. ఆసామి మళ్ళీ పార్టీ మారాడు. మర్నాడు నామినేషను ఊరేగింపు. మధ్యాహ్నం డ్రైవరు జీపు తెచ్చి పెరట్లో నిలబెట్టాడు. సాయంత్రానికి చక్రాలు కొత్త రంగుతో ఎక్కాలి. డ్రైవరు పక్కూరి వాడే, మావా అని పిలిచేవాడు. రాత్రికి జీపు తన ఊళ్ళోనే పెట్టుకుని పొద్దున్నే బయల్దేరతానన్నాడు. చక్రాలు విప్పిందీ, రంగు తడి పూర్తిగా ఆరకముందే మళ్ళీ ఎక్కించిందీ వాడే. ఈయన భార్య అక్కడే బ్రష్షులూ డబ్బాలూ కడుగుతోంది. "కాశీబుగ్గ ఎల్లీలోగా ఓపాలి ఆగి నట్లు మళ్ళీ బిగించు" అని డ్రైవరుకు చెప్పానని ఈయన తర్వాత అన్నాడు. వాడు బిగించాడో లేదో తెలియదు. ప్రమాదం జరిగిన పూటే రోడ్డు దిగి తోటల్లోంచి పారిపోయాడు. గుజరాత్‌లో ఏదో రేవులో పనిచేస్తున్నాడని కొన్నాళ్ళకు విన్నాం. పోలీసులు డ్రైవరు నిర్లక్ష్యమని రాసుకున్నారు, డ్రైవరు దొరకలేదనీ రాసుకున్నారు. ఆసామి వేరే జీపులో ఊరేగింపుకు వెళ్ళి నామినేషను వేశాడు.

నెల తిరక్కుండా కాశీబుగ్గ అంతా ఒకటే మాట. నట్ల కింద రంగు ఉండి ఉంటుంది, అది నలిగి రాలి ఉంటుంది, నట్టు వదులై ఉంటుంది. ఎవరు మొదలెట్టారని వెతకాల్సిన పని లేదు. ఆ మాటలు ఊరికి నేర్పింది ఆయనే. ఇన్నేళ్ళు అరిచి అరిచి చెప్పిన పాఠాన్ని ఊరు ఇప్పుడు ఆయనకే అప్పజెప్పింది.

సంఘంలో పెద్దలు కూర్చున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. చనిపోయిన మనిషి వాళ్ళ పాట ఎత్తుకునే మనిషి. ఆమె భర్త ముందు వరసలో తలదించుకుని కూర్చుంటున్నాడు. ఎవరో ఒకరు, నావల్ల జరిగింది అని లేచి చెప్పాలని వాళ్ళకుంది. జీపు ఆసామి వాళ్ళ సంఘం మనిషి కాడు, పిలిచినా రాడు. డ్రైవరు ఊళ్ళో లేడు. పిలవగలిగినవాడు ఈయనొక్కడే. పిలిచారు.

"గ్రీజు రాసేను" అన్నాడు.

మరి నట్లు ఎందుకు ఊడాయని ఎవరో అడిగారు. "నన్నడుగుతావేటి? బిగించినోడినడుగు, ఎక్కినోడినడుగు" అని కసిరాడు. ఆ గొంతు ఆయనకు చేటు చేసింది. పశ్చాత్తాపం లేదన్నారు. తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్ల నిలుపుదల చేశారు. అంటే నెలలో మొదటి ఆదివారం సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు ఆయన తీసుకోకూడదు. తెలియనివాళ్ళకు ఇది చిన్న సంగతి అనిపించవచ్చు. ఆ మనుషులకు అది ఊళ్ళో ఉండి ఊరి వెలుపల ఉండడం. పాస్టరు గారు ఇంటికి వచ్చి మరీ నచ్చజెప్పారు. ఒప్పుకుంటే ఆ రోజే చేర్చుకుంటాం అన్నారు.

"అబద్దమాడి రొట్టి తినమంతారేటి పాస్టరు గారూ?"

ఆ తర్వాత కూడా గుడి మానలేదు. పాటలు మానేశాడు. మొదటి ఆదివారం, బల్ల మీద తెల్లగుడ్డ తీయగానే లేచి, అందరి మధ్యనుంచి నడిచి బయటికి పోయేవాడు. వీధి పంపు దగ్గర చప్టా మీద కూర్చునేవాడు. ఆశీర్వాదం వేళకు లోపలికి వచ్చి నిలబడేవాడు. ఆ పంపు మీదుగా నేను స్కూటరు మీద పోతూ ఒకటి రెండుసార్లు చూశాను. తెల్ల చొక్కా వేసుకుని, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చునేవాడు. పలకరిస్తే, "లోపల బోంచేత్తన్నారు బాబూ, మనకి పిలుపు లేదు" అనేవాడు.

ఒక రోజు నా గదికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ సక్రం పోలీసుల కాణ్ణించి ఇడిపించుకున్నారట బాబూ. టెక్కిల్లో ఆల దొడ్డిలో ఉందట. నానొక్కడినే ఎల్తే గేటు తియ్యరు. నువ్వొత్తే పేపరని తీత్తారు."

"చూసి ఏం చేస్తారు?"

"గోకుతాను. నట్టు ఆనేకాడ అంగుళం మేర. నా ఎర్ర మందు అడుగున ఉంతే తప్పు నాది. ఒట్టి ఇనుముంతే నాది కాదు. ఆ ముక్క నువ్వు సూసి పాస్టరు గారికి సెప్పాల."

అంత తేలికా అనిపించింది. మనుషులు చెప్పలేనిది ఇనుము చెబుతుంది. బస్సెక్కి టెక్కలి వెళ్ళాం. దారిపొడుగునా ఎదుటి నుంచి వచ్చే లారీల చక్రాలు చూసి తిడుతూనే ఉన్నాడు. గోకే పలక గుడ్డలో చుట్టి నడుముకు దోపుకున్నాడు.

ఆసామి నన్ను ఆదరంగానే చూశాడు. నాకు కుర్చీ, టీ వచ్చాయి. నాతో వచ్చినాయన దొడ్డి గట్టు పక్కన నిలబడ్డాడు.

"ఇతనెందుకొచ్చాడండి మీతో?"

చక్రం చూడాలంటున్నాడని చెప్పాను.

"ఓ, అదా! ఏం పెయింటరూ, నీ పేరు నేనెక్కడా సెప్పలేదు కదా? నీ మీద కేసు లేదు కదా? ఇంకేటి నీ బాధ?"

"కేసు లేకపోడమే బాబూ నా బాధ. కేసుంతే కోర్టోలు సూసేవోరు. ఔనో కాదో అనేవోరు. ఇప్పుడు నన్ను పట్టుకునేవోడు లేడు, ఒగ్గేవోడు లేడు."

"అదిగో ఉంది, సూసుకో. ముట్టకు. బండి అమ్మకానికి పెట్టాను. బరంపురం వాళ్ళు సూసెళ్ళారు. మొత్తం కొత్తగా రంగేయించాను."

చక్రం గోడకు ఆనించి ఉంది. మిగతా చక్రాలతో పాటు తెల్లగా వెండి రంగు. పార్టీ రంగు లేదు. ఈసారి ఇంకెవరో వేశారు. నట్ల బొక్కలతో సహా నిండుగా, ఎక్కడా ఇనుము కనపడకుండా వేశారు.

"బాబూ, ఒక్క అంగుళం గోకుతాను. మళ్ళీ నానే ఏసిత్తాను. ఆల కళ్ళకి కనపడదు."

ఆసామి నవ్వాడు. "నువ్వేసిన రంగు సాల్లేవయ్యా."

లోపల ఫోను మోగింది. ఆసామి లేచి వెళ్ళాడు. అవతల ఎవరో దగ్గరివాళ్ళలా ఉంది, లోపలినుంచి నవ్వులు వినబడుతున్నాయి. దొడ్లో మేమిద్దరం, చక్రం. ఆయన గబగబా దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. గుడ్డ విప్పి పలక తీశాడు. బొటనవేలితో ఒక బొక్క అంచు తడిమి, పలక మూల అక్కడ పెట్టాడు. ఒక్క గీత గీస్తే అయిపోతుంది.

గీయలేదు.

చెయ్యి అలాగే ఉంది. లోపల ఫోను మాటలు ముగింపుకు వస్తున్నాయి. "గోకండి" అన్నాను మెల్లగా. ఆయన నా వైపు తిరగలేదు.

"ఎర్రగా వత్తే?" అన్నాడు.

ఆసామి బయటికి వచ్చేసరికి పలక గుడ్డలోకి, గుడ్డ నడుంలోకి వెళ్ళిపోయాయి. "ఎల్లొత్తాం బాబూ" అని ఆయనే ముందు గేటు వైపు నడిచాడు.

టెక్కలి బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తింటూ, చట్నీ నీళ్ళలా ఉందని సర్వరుతో గొడవ పెట్టుకున్నాడు. సర్వరు పోయాక ప్లేటు వైపు చూస్తూ చెప్పాడు. "ఎప్పుడూ రాత్తాను బాబూ. ఆ దినం కూడా ఏలికి గ్రీజున్నట్టే గుర్తు. ఏ సక్రానికి రాసినప్పుడో గుర్తులేదు. ఆడు బేగి బేగి అని తోలేత్తన్నాడు. నిండుగా ఉండాలన్నారు బాబు అంతన్నాడు."

"ఇదే సంఘంలో చెప్పండి."

"ఏటని? గుర్తులేదనా? దొంగలందరూ ఆ మాటే అంతారు."

జీపు బరంపురం వాళ్ళు కొనుక్కుపోయారు. ఆ వెండి రంగు కింద ఏముందో దాన్ని నడిపేవాళ్ళకు పట్టే విషయం కాదు.

తర్వాతి సంవత్సరాల్లో ఆయన పని పలచబడింది. ఊళ్ళోకి అల్లాయ్ చక్రాల కార్లు వచ్చాయి. కాశీబుగ్గలో కంప్రెసరు పెట్టుకున్న షాపులు వచ్చాయి. జీపులు ఆయనే వద్దన్నాడు. ఆటోలవాళ్ళు కొందరు వస్తూనే ఉన్నారు గాని, పనయ్యాక చక్రాన్ని ఎత్తి బొక్కలు ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి చూసుకుని మరీ తీసుకెళ్ళేవారు. ఇదివరకు ఆ రింగుల మీద ఎగతాళి చేసినవాళ్ళే ఇప్పుడు రింగులున్నాయో లేదో వెతికేవారు. ఆయన తిట్లు తగ్గిపోయాయి. తిట్లు లేని ఆ మనిషిని చూడడం కష్టంగా ఉండేది.

ఉద్దానంలో చాలామందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బు ఆయనకూ వచ్చింది. రంగుల వల్లే అన్నారు కొందరు, నీళ్ళ వల్ల అన్నారు కొందరు. రంగు డబ్బా ముట్టనివాళ్ళు కూడా ఆ వీధిలో ఆ జబ్బుతోనే పోయారు. ఆయన విశాఖకు వెళ్ళి వచ్చి, వెళ్ళి వచ్చి, ఇక వెళ్ళనని మంచం పట్టాడు.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం చనిపోయినామె భర్త, తాపీ మేస్త్రీ, ఆయన్ని చూడడానికి వచ్చాడు. ఈ సంగతి నాకు ఆయన భార్య చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలట. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ జీడిపూత గురించి మాట్లాడుకున్నారు, వానల గురించి మాట్లాడుకున్నారు. లేచేముందు మేస్త్రీ అడిగాడు.

"ఇప్పటికైనా సెప్పు బావా. నానెవులికీ సెప్పను."

ఈయన గ్రీజు రాసేను అనే మాట ఈసారి అనలేదు.

"నాకు తెల్దు బావా" అన్నాడు.

మేస్త్రీకి కోపం వచ్చిందట. అంత నెమ్మదస్తుడు, పెళ్ళాం శవం దగ్గర కూడా గొంతెత్తని మనిషి, గుమ్మంలో నిలబడి అరిచాడట. "సేసినానను, మాపు సేసేత్తాను. సెయ్యలేదను, నమ్మేత్తాను. తెల్దంతే నానేటి సేసుకోను? పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టుకోను బావా ఆ మాట?"

చెప్పులు వేసుకోవడం మరిచి వెళ్ళిపోయాడట. సాయంత్రం ఆమె ఆ చెప్పులు వాళ్ళింటి అరుగు మీద పెట్టి వచ్చింది.

కొద్ది రోజులకు ఆయన పోయాడు. శవాన్ని గుడిలోకి తేవాలా వద్దా అని పెద్దల్లో మాట వచ్చింది. నిలుపుదల ఎత్తెయ్యలేదు కదా అన్నారు కొందరు. చచ్చినవాడికి నిలుపుదలేమిటన్నారు కొందరు. తేల్చుకోలేక ఇంటి దగ్గరే ప్రార్థన చేసి, సంఘం శ్మశానంలోనే పూడ్చారు. నిలుపుదల సంగతి తర్వాత కూర్చుని మాట్లాడదామనుకున్నారు. ఎవరూ కూర్చోలేదు. మేస్త్రీ గోతి దగ్గరకు వచ్చాడు, మట్టి వేశాడు, వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం జీపు నిలబెట్టిన పెరట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. డ్రైవరు తిరిగి రాలేదు. ఆయన పోయాడు. ఇప్పుడు ఊళ్ళో మిగిలింది ఆయన భార్య. పెద్దలు కూర్చున్న ఏ రోజునా ఆమెను పిలవలేదు. ఆడవాళ్ళను పిలిచే అలవాటు లేదు. ఆ రోజు డబ్బాలు కడిగింది మీరే కదా, గ్రీజు డబ్బా మూత తీసి ఉందా అని నేను ఒకసారి అడిగాను. పొయ్యి మీద అన్నం ఉందని లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేను లేచి వచ్చేశాను.

ఆమెకు నిలుపుదల లేదు. ఎప్పుడూ లేదు. నెలలో మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వరసలోకి వచ్చినప్పుడు రెండు చేతులతో అందుకుంటుంది, తను తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేస్తుంది. ఎందుకని ఇప్పటిదాకా సంఘంలో ఎవరూ అడగలేదు.